ఐదు కిలోమీటర్ల అవతలి మంచు

9 ఫిబ్రవరి 2021, మంగళవారం

లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. మా ట్రెక్కింగ్ గ్రూప్ వీరులు నలుగురు మాత్రం ఈ శనివారం విక్లో కొండ ఎక్కుతారట. మేముండే డబ్లిన్‌కి అరవై కిలోమీటర్లు. మా ఆయన మూర్తి కూడా. నాయకుడు పద్మనాభం గారు. మూర్తికి ఇక్కడ ఉద్యోగం రిఫర్ చేసిన మహానుభావుడు కాబట్టి ఆయన మాట మూర్తికి వేదం. ఆయన పర్వతానుభవమల్లా మనాలీలో ఒక ట్రెక్. బ్యాగు కంచరగాడిద మోసింది, ఫోటో ఆయన దిగారు.

11 ఫిబ్రవరి, గురువారం

తూర్పుగాలి ఆగడం లేదు. కొండ నెత్తి మీది మంచునంతా ఊడ్చి అంచు అవతల నిటారు వాలు మీద పోస్తోంది. కింద పాత మంచు గట్టిపడి నున్నగా ఉంటుంది, కొత్తది దానికి అంటుకోదు. శనివారం వాన, వెచ్చదనం. ఒక్క మనిషి కాలు పెడితే చాలు, మొత్తం జారుతుంది, అదే అవలాంచ్. స్కాట్లాండ్‌లో మంచుకొండలెక్కే వింటర్ కోర్సు చేసినప్పుడు ఇదే చూపించారు.

మూర్తికి చెప్పాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పద్మనాభం గారికీ చెప్పించాడు. ఐర్లాండ్‌లో అవలాంచ్ ఏంటమ్మా, నువ్వు మరీనూ, అని ఆయన పకపకా నవ్వారు. మూర్తీ నవ్వాడు. పోనీ ఆ వాలు వదిలేసి చుట్టూ తిరిగి వెళ్లండన్నాను. ఫోటోలు అక్కడే బాగా వస్తాయట. గార్డ్స్, అదే ఇక్కడి పోలీసులు, ఆపితే కిరాణాకి వెళ్తున్నామంటారట. మంచు బూట్లేసుకుని కిరాణాకి!

12 ఫిబ్రవరి, శుక్రవారం

మంచంటే భయం లేదు గానీ, రాహుకాలం దాటాకే ఎక్కడం మొదలెడతారట.

13 ఫిబ్రవరి, శనివారం, మధ్యాహ్నం

పద్మనాభం గారి కాల్. మంచు జారి మూర్తిని వాలు కిందకి లాక్కెళ్లిందట. నడుం దాకా కూరుకుపోతే తవ్వి తీశారట. కాలు విరిగింది, ఒళ్లంతా వణుకు, మాట ముద్దగా వస్తోంది.

112కి చేశారా అన్నాను. లేదట. మా నలుగురి సిటిజన్‌షిప్ అప్లికేషన్లూ పెండింగ్‌లో ఉన్నాయి కదమ్మా, గార్డ్స్ రికార్డులోకి ఎక్కితే ఎవరికీ రాదు, మేమే కారు దాకా మోసుకొస్తాం, కంగారుపడి నువ్వెవరికీ చెప్పకు, అన్నారు. మూర్తి మాటా అదేనట.

పైన ఇంకా జారాల్సిన మంచుంది. వీళ్లకి పాస్‌పోర్ట్ బెంగ. ఛీ, ఏం మనుషులు.

మా అప్లికేషన్ కూడా అందులోనే ఉంది. ఎనిమిదేళ్లు ఎదురుచూశాం.

పెట్టేసి 112 నొక్కాను. మూర్తి ఫోన్ లొకేషన్ నాకు కనిపిస్తుంది, అది చెప్పాను. పేర్లడిగితే నాలుగూ చెప్పాను.

సాయంత్రం

రెస్క్యూ వాళ్లు వానలో, మాస్కులతో, స్ట్రెచర్ మీద దించారు. బతికాడు. వంటింట్లో కూలబడి ఏడ్చాను.

15 ఫిబ్రవరి, సోమవారం

కోవిడ్ అని హాస్పిటల్‌లోకి రానివ్వలేదు. వీడియో కాల్‌లో మూర్తి మొదటి మాట, పద్మనాభం గారి పేరు చెప్పావా అని. ఇంటిపేరుతో సహా చెప్పానన్నాను. ముఖం తిప్పుకున్నాడు.

ఇంకాస్త ఆలస్యమైతే చలికే పోయేవాడని డాక్టర్ చెప్పింది. వాట్సాప్ గ్రూప్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. నలుగురి కడుపు కొట్టానట. నన్ను గ్రూప్‌లోంచి తీసేశారు. సంతోషం.

19 ఫిబ్రవరి, శుక్రవారం

మూర్తి ఇంటికొచ్చాడు. అతని ఫోన్ మోగింది, పద్మనాభం గారు. కట్టు కాలితో లేచి నిలబడబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టి, ఫోన్ నేనెత్తాను.