ఏట్లోకి వచ్చిన రొయ్య

మొగపాలెం,
రాజోలు తాలూకా.
17-11-1988

తమ్ముడు బుల్లబ్బాయికి,

అన్నయ్య అబ్బులు దీవించి రాయునది. పెద్దింట్లమ్మ దయవల్ల నువ్వు అమలాపురంలో మీ ఆసామి ప్రభాకరరావు గారి ఇంట కులాసాగా ఉన్నావని తలుస్తాను. నా అక్షరాలు ఇసుకలో పీతలు పాకినట్టుంటాయి. తప్పులుంటే కోప్పడకుండా సరిచేసుకుని చదువుకో. ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మన గంగాదేవిని జీపులో తీసుకుపోయారు. కాలం చేసిన మన చెల్లెలి కూతురు, నువ్వు భుజాన ఎక్కించుకుని తిప్పిన మేనకోడలు. పాలు తాగే పిల్లని పక్కింటి పాపాయమ్మ చేతిలో పెట్టి వెళ్లింది. ఇంకా వదల్లేదు. ప్రభాకరరావు గారి రొయ్యల చెరువు గట్టు పారతో తెగ్గొట్టిందట. కళ్లారా చూసినవాడివి నువ్వట. కాపలావాడివి కనక నీ మాటే సాక్ష్యమట.

ఒరే, గట్టు ఎవరు తెగ్గొట్టారురా? తుఫాను వానకి చెరువు నిండి, తెల్లారేసరికి దానంతటదే జారిపోయింది. నీ పాక తలుపు కొట్టి లేపింది నేను కాదూ? నీళ్లు పోయేందుకు తూము ఎత్తకుండా పడుకుండిపోయాను, నా కొలువు పోయింది అన్నయ్యా అని తల బాదుకున్నావు. నిద్ర పట్టడం తప్పు కాదు. ఆ నిద్రని తీసుకెళ్లి ఆడకూతురి మెడకి చుట్టావు చూడు, అది తప్పు.

రొయ్యలు ఏట్లో పడ్డాయి, ఊరంతా వలలతో దిగాం. గట్టు దాటి ఏట్లోకి వచ్చింది ఎవరి వలలో పడితే వాళ్లదే. తాత నాటి నుంచీ అంతే. కరణంగారి చేపల చెరువు తెగినప్పుడు నువ్వు పంచె నిండా కొర్రమేనులు మూటగట్టుకొచ్చావు. ఆయన గట్టుమీద నిలబడి, ఒరే నాకూ ఒకటి పంపించండర్రా అని నవ్వాడు గానీ పోలీసుల్ని పిలిచాడా? ఇప్పుడు దానికి దొంగతనమని పేరు. మనం వలలారేసుకునే దిబ్బ తవ్వి చెరువులు చేసుకున్నారు. ఊరి నుయ్యి ఉప్పెక్కిపోయింది. అది మాత్రం దొంగతనం కాదు!

ఏటి ఒడ్డున ముళ్లకంచె వేసిననాడు అడిగింది గంగాదేవి ఒక్కతే. ఏవండీ రావుగారూ, రేపు సముద్రానికి కూడా తాళం వేయించేస్తారేంటండీ అంది. జనం నవ్వారు. ఆ నవ్వు ఆయన మర్చిపోలేదు. నువ్వు దాని పేరు చెప్పగానే అందుకే ఆయన చెవికెక్కింది.

స్టేషనుకెళ్లి జరిగింది చెప్పాను. రొయ్యలు పంచుకున్నోడివి, నీ మాటెవడు నమ్ముతాడయ్యా అని ఎస్సైగారు కసిరారు. ఇంటికొస్తే పాపాయమ్మ పట్టుకుంది. ఏం బావగారూ, తమ్ముడుగారు మేనకోడల్ని అమ్మేసి అమలాపురంలో కాఫీలు తాగుతున్నారు, తమరేమో ఇంకా వల అల్లుకుంటా కూర్చున్నారేంటండీ అంది. ఆయ్ అన్నాను. అంతకంటే మాట రాలేదు.

ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు స్టేషనుకి వచ్చి, తూము ఎత్తనిది నేనేనండీ, మా మేనకోడలు ఏ పాపం ఎరగదండీ అని చెప్పు. కొలువు పోతే పోనీ, నా పడవలో నీకు చోటుంది. నువ్వేనాడూ నాకు జవాబు రాయలేదు. ఇది అందగానే రాయి. ఆలస్యం చేయకు.

ఇట్లు,
నీ అన్నయ్య
అబ్బులు

తా.క.: గంగాదేవిని ఇంకా వదల్లేదని రాశాను. అది నిజం కాదు. నిన్ననే ఇంటికి పంపేశారు, పిల్లకి పాలిచ్చుకుంటోంది. మళ్లీ స్టేషనుకెళ్లి, గట్టు తెగ్గొట్టింది నేనేనండీ అని చెప్పేశాను. నిజం చెబితే కసిరిన ఎస్సైగారు ఈ మాట మాత్రం వెంటనే నమ్మి రాసుకున్నారు. నా కోసమంటే నువ్వు కదలవని ఉత్తరంలో దాని పేరు పెట్టాను. స్టేషను అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. జవాబు ఊరికి రాయకు. నేనక్కడ లేను.