ఈసారి గిన్నె ఖాళీగా రావాలి

వెండెల్,

తలా ఓ వంటకం తెచ్చే కుకౌట్ విందుకి బల్లలు వేయాలి, చర్చికి వెళ్తున్నాను. మన సలాడ్‌కి ఉడికించిన పాస్తా ఫ్రిజ్‌లో ఉంది. టాకో మసాలా వేసిన కీమా పొయ్యి మీద ఉంది. అది బాగా చల్లారాకే పాస్తాలో కలుపు. టమాటా, చీజ్ వేసి పన్నెండింటికల్లా పట్టుకొచ్చెయ్.

చిప్స్ మాత్రం వడ్డించేముందే నలిపి వేయాలి. పోయినేడు నువ్వు పొద్దున్నే కలిపేస్తే అంతా ముద్దయి కూర్చుంది. మీ అక్క డార్లీన్ తన ఖాళీ గిన్నె ఊపుకుంటూ వచ్చి, "అయ్యో, మీది ఎవరూ ముట్టలేదా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ముద్దంతా నాలుగు రోజులు కిక్కురుమనకుండా నువ్వొక్కడివే తిన్నావు. అది మర్చిపోలేదులే.

లొరెట్టా

చిప్స్ కోసం ఇల్లంతా వెతక్కు, నా సంచిలో ఉన్నాయి. నీమీద ప్రేమకేం కొదవ లేదు, నమ్మకమే లేదు.