మునెమ్మ వెంట వచ్చిన వీధి

ఆదివారం రాత్రి, వేలూరు

ఇంకా ఆశ్చర్యం తీరలేదు. ఓటరు జాబితాలో పేర్లు చేర్పిస్తామంటూ పొద్దుటి నుంచి నేనూ, తోటి వాలంటీర్లూ గుడియాత్తం నేతవీధిలో ఇల్లిల్లూ తిరిగాం. "మీది ఏ కట్చి?" అనేవాళ్ళు. ఏ పార్టీ కాదంటే నమ్మరు. "పని ఉండాది, రేపు రండమ్మా" అని తలుపు వేసేవాళ్ళు.

సుబ్రమణి అనే నేతగాడి ఇంట్లో ఆయన చెల్లెలు మునెమ్మ మగ్గం మీద ఉంది. "దానికి మాట రాదు, చెవీ వినపడదు. ఓటెందుకమ్మా దానికి?" అన్నాడాయన.

నేను నా గోరు మీద సిరా గీత గీసినట్టు సైగ చేశాను. ఆమె చటుక్కున లేచి అన్న వేలు పట్టుకుని చూపించి, తర్వాత తన ఉత్త గోరు చూపించింది. ప్రతి ఎన్నికకూ అన్న వేలి మీద సిరా చూస్తూనే ఉందన్నమాట!

దరఖాస్తు మీద వేలిముద్ర వేసి వీధిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి, మా మొహాన తలుపు వేసిన ఆడవాళ్ళనే ఒక్కొక్కరిగా చెయ్యి పట్టి లాక్కొచ్చి మా ముందు కూర్చోబెట్టింది. మేం తెచ్చిన దరఖాస్తులు చాలలేదు.

సుబ్రమణి గుమ్మంలో నిలబడిపోయాడు. "ఇన్నేండ్లూ దీనికి మాట రాదనుకుంటిమి గదమ్మా" అన్నాడు.

ఆమె పేరు జాబితాలోకి ఎక్కుతుందో లేదో. ఎక్కకపోతే ఆమెకు ఏమని చెప్పను, ఎలా చెప్పను...