చెయ్యి ఊపాకే నొక్కాలి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, పాపా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అందిన రోజే చదివాను కానీ జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. అక్షరాలు వంకరటింకరగా ఉంటే ఏమనుకోకు. కూర్చున్న చోట బల్ల లేదు, ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. ఫోన్ చెయ్యచ్చుగా అంటావు. నీ గొంతు వింటే చెప్పాల్సింది మింగేసి ఏదేదో మాట్లాడి పెట్టేస్తానని నాకు తెలుసు. ఆఫీసు కంప్యూటర్లో రాద్దామంటే అక్కడ మేం కొట్టే ప్రతి అక్షరమూ పైవాళ్లు చూస్తారు. అందుకని కాగితం పట్టుకున్నాను. దీన్ని సగం చదివి పడుకోకు. నిద్రమొహం అని మీ బావ నీకు పెట్టిన పేరు ఊరికే పెట్టింది కాదు కదా.

మన కంపెనీ అక్కడ కట్టిన కొత్త కోల్డ్ స్టోరేజీకి నిన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారని రాశావు. చాలా సంతోషం. నిజంగానే సంతోషించాను, నీ ఉత్తరం మొదటి పేజీ అయ్యేదాకా. రెండో పేజీలో నువ్వు ఎంత హుషారుగా రాశావో. కంప్రెసర్ గదిలో అలారం సంగతంతా ఇక కొత్త సిస్టమే చూసుకుంటుందట, షిఫ్టుకి ఒక్క మనిషి చాలట, చలిలో లేచి వెళ్లే పని తప్పిందట. నీకిచ్చిన క్వార్టరు ఆ గది గోడకి ఆనుకునే ఉందట. వచ్చే నెల గ్యాస్ నింపి మిషన్లు నడిపితే ఆ హోరుకి పాప హాయిగా నిద్రపోతుందని కూడా రాశావు. ఆ మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను. అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు చెబుతాను, లేకపోతే మళ్లీ మర్చిపోతాను. పాపకి అల్లుతానన్న స్వెటరు సగంలో ఆగింది, పూర్తి చేసి పంపిస్తాను. మీటింగులో అడుగుతారేమో, మా 'జ్ఞాన విభాగం' చేసే పనికీ ఈ బిగ్ డేటాకీ సంబంధం ఏమిటో రెండు ముక్కల్లో రాయమన్నావు. రెండు ముక్కల్లో తేలేది కాదది, ఓపిగ్గా విను.

మన స్టోరేజీలో ప్రతి తలుపుకీ, పైపుకీ, పంపుకీ ఒక మీటరు ఉంటుంది. తలుపు ఎప్పుడు తెరిచారు, చల్లదనం ఎంత తగ్గింది, స్క్రీను మీద ఎవరు ఏ బటన్ నొక్కారు, అన్నీ ఎవరూ అడక్కుండానే క్షణక్షణం నమోదవుతూ ఉంటాయి. కొండంత పోగవుతుంది. అది డేటా. మా విభాగం పని వేరు. కంట్రోల్ రూములో ఏళ్ల తరబడి పనిచేసిన దాన్నని నన్ను అందులో వేశారు కదా. పాతవాళ్లని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నువ్వు ఈ పని ఇలాగే ఎందుకు చేస్తావు అని అడగడమే నా ఉద్యోగం. ఏం జరిగిందో మీటరు చెబుతుంది. ఎందుకు జరిగిందో, ఏం జరగబోయి ఆగిందో మనిషిని అడిగితే తప్ప తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మా పెద్దసారు అలా అనుకోలేదు. మనుషులకి తెలిసిందంతా వాళ్లు చేసే పనిలో కనబడుతుంది, పని అంతా డేటాలో ఉంది, మళ్లీ విడిగా అడగడం దండగ అన్నారు. మా గది మూసేసి కుర్చీలు డేటా సెక్షనుకి పంపించారు. నా బల్ల మళ్లీ కంట్రోల్ రూములో ఓ మూలకి చేరింది. పుట్టింటికి తిరిగొచ్చావా అని మీ బావ ఆటపట్టించారు, నేనూ నవ్వాను. పెద్దసారు మాటలో తప్పేమిటో అప్పుడు నాకూ సరిగ్గా తెలియలేదు.

ఇప్పుడు అలారం సంగతి. కంప్రెసర్ గది నేల కడిగినప్పుడల్లా ఆ మందునీళ్ల ఆవిరికి, పైపుల్లోని అమ్మోనియా గ్యాస్‌ని పట్టే మీటరు పొరబడుతుంది. గ్యాస్ లీకయిందనుకుని అలారం మోగిస్తుంది. స్క్రీను మీద 'తెలిసిందే' అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే మోత ఆగుతుంది. కానీ మాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు. ఒకరు బటన్ దగ్గర కూర్చోవాలి. ఇంకొకరు మాస్కు చేత పట్టుకుని వెళ్లి, తలుపు సందులోంచి వాసన చూసి, లోపల పైపుల అతుకులన్నీ చూసుకుని, ఆ గదికీ కంట్రోల్ రూముకీ మధ్యనున్న అద్దం దగ్గరికి వచ్చి చెయ్యి ఊపాలి. చెయ్యి ఊపాకే నొక్కాలి.

ఏళ్ల తరబడి నేను నొక్కాను, మీ బావ ఊపారు. తిన్నగా ఊపే మనిషైతే కదా. ఒకరోజు మఫ్లరు తీసి తిప్పేవారు, ఒకరోజు అరచేతిలో చెంప పెట్టి నీలా గుర్రు పెడుతున్నట్టు నటించేవారు. ఊపని రోజులూ ఒకటి రెండు ఉన్నాయి. అప్పుడు నేను నొక్కలేదు. ఫ్యాన్లు వేశాం, వాల్వు కట్టేశాం, బయటపడ్డాం. అవి రిపేర్ల కింద నమోదయ్యాయి, అలారాల కింద కాదు.

కొత్త సిస్టమ్ ఈ డేటానంతా చదివి పని నేర్చుకుంది. నేల కడిగే పంపు తిరిగింది, అలారం మోగింది, కాసేపటికి ఎవరో 'తెలిసిందే' నొక్కారు. దానికి కనబడింది అంతే. ఆ మధ్యలో ఒక మనిషి లేచి వెళ్లాడనీ, చూశాడనీ, చెయ్యి ఊపాడనీ ఏ మీటరూ రాయలేదు. అది నొక్కడం నేర్చుకుంది, వెళ్లి చూడటం నేర్చుకోలేదు. ఇప్పుడు పంపు తిరిగిన పూట అలారం మోగకముందే అది తనంతట తనే నొక్కేస్తుంది. స్క్రీను పచ్చగా ఉంటుంది.

అందరినీ ఎందుకు, ఎందుకు అని పీక్కుతిన్న నేను, ఈ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచి కాదు తమ్ముడూ. రోజూ చేసే పని కదా, అది చెప్పాల్సిన విషయమని తట్టలేదు. ఎవరైనా నన్ను కూర్చోబెట్టి అడిగి ఉంటే చెప్పేదాన్ని.

బావ ఫోన్ ఎత్తడం లేదేమిటని అడిగావు. గొంతు బాగాలేదని మరదలికి మెసేజ్ పెట్టాను. ఇంతసేపూ అటు తిరిగి ఇటు తిరిగి ఈ మాట దగ్గరికే వస్తున్నాను. రాయాలంటే భయంగా ఉంది, రాస్తే నిజమైపోతుందేమోనని.

పోయిన వారం నేల కడగడం అయ్యాక, గొట్టం చుట్టి పెట్టడానికి ఆయన ఆ గదిలోకి వెళ్లారు. వెళ్లి చూడాల్సిన పని ఇక లేదని పైనుంచి చెప్పేశారు కాబట్టి మాస్కు మేకుకే ఉంది. నేను నా మూలన కూర్చుని ఏదో టైపు చేసుకుంటున్నాను. తలెత్తితే అద్దం కనిపిస్తుంది. స్క్రీను పచ్చగా ఉంది కదా అని తలెత్తలేదు. లోపల ఒక వాల్వు అతుకు ఊడింది. మీటరు పట్టుకుంది, అంకె పైకి పోయింది. పంపు అప్పుడే తిరిగి ఆగింది కాబట్టి సిస్టమ్ తన పని తను చేసింది. నా కళ్లముందే స్క్రీను మీద ఆ మాట వచ్చింది. 'తెలిసిందే.' నేను చదివాను కూడా. చదివి మళ్లీ టైపు చేసుకున్నాను.

అద్దం మీద దబ్బున చప్పుడైతే చూశాను. కళ్లు తెరవలేక, తలుపు ఎటుందో తెలియక, రెండు చేతులతో అద్దాన్ని తడుముతున్నారు. నేను మాస్కు ఎలా పెట్టుకున్నానో, ఆయన్ని ఎలా ఈడ్చుకొచ్చానో నాకు గుర్తులేదు. ఆ చేతులే గుర్తున్నాయి.

నేనిది రాస్తున్నది ఆసుపత్రి వరండాలో. ఆయన గొంతులో గొట్టం ఉంది, కళ్లకి కట్టు ఉంది. చూపు రావచ్చంటున్నారు డాక్టరు. ఊపిరితిత్తుల గురించి అడిగితే చూద్దాం అని వెళ్లిపోతున్నారు.

కొత్త సిస్టమ్‌కి పని నేర్పిన డేటా సెక్షను మేడమ్ వచ్చి పక్కన కూర్చుంది. చిన్న పిల్ల, ముఖంలో నెత్తురుచుక్క లేదు. "మీరు వెళ్లి చూసేవారని నాకెవరూ చెప్పలేదక్కా. నాకు కనబడిందల్లా నొక్కడమే" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఇంకో మాట కూడా చెప్పింది. మీ దగ్గర పెట్టేది ఇదే సిస్టమ్, మా స్టోరేజీ డేటాతో నేర్చుకున్నదే. అంటే నీ గోడవతల మోగకుండా ఆగిపోయే ఆ అలారాన్ని ఆపేది నా వేలే తమ్ముడూ.

నిన్న పెద్దసారు వచ్చారు. మీ బావే అజాగ్రత్తగా మాస్కు లేకుండా లోపలికి వెళ్లారనీ, అలారం పొరబాటేమీ లేదనీ విచారణలో చెప్పమన్నారు. నేను అలా చెబితే దాన్ని కూడా డేటాలో వేస్తారు. సరిగ్గానే నొక్కానని సిస్టమ్ ఇంకోసారి నేర్చుకుంటుంది. మీ బావ ఊపిరితో దానికి ఆ పాఠం చెప్పించాలట. నేను ఒక్కటే చెప్పాను. "నేను చెప్పను సార్. అది మోగలేదు." ఆయన లేచి, మీ తమ్ముడు కూడా మన దగ్గరే కదా అని అడిగి వెళ్లిపోయారు. నీ ఉద్యోగానికి ఎసరు పెట్టానేమో. అలా చెప్పేముందు నిన్ను ఒక్క మాటైనా అడగలేదు. తిట్టాలనుంటే తిట్టు, కానీ బతికుండి తిట్టు.

ఆ క్వార్టరు వద్దని చెప్పు. వాళ్లు వినకపోతే పాపని, మరదలిని వేరే చోటికి మార్చు. షిఫ్టులో ఒక్కడివే ఉండనని చెప్పు. నేల కడిగిన పూట అలారం మోగేలా చెయ్యందే గ్యాస్ నింపనివ్వకు. ఉద్యోగం పోతుందని బెదిరిస్తే పోనీ అను. నాకు ఆ భయం కూడా ఉంది, కానీ మీ ప్రాణాల గురించిన భయం ముందు అది ఆనడం లేదు.

ఉత్తరం మొదట్లో ఏం రాశానో మళ్లీ చూడు. ఇక్కడ మేమంతా క్షేమం. వార్డు తలుపు ముందు కూర్చుని ఆ మాట రాశాను, ప్రతి ఉత్తరంలో రాసేదే కదా అని చెయ్యి రాసుకుంటూ పోయింది. కొట్టేద్దామనుకుని, నువ్వు చూడాలని ఉంచేశాను.

ఇప్పుడే కలం పక్కన పెట్టి లోపలికి వెళ్లి చూసి వచ్చాను. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. నా అడుగుల చప్పుడు విని దుప్పటి మీద నుంచి చెయ్యి కాస్త ఎత్తారు. ఊపారో, రమ్మన్నారో దూరం నుంచి తెలియలేదు. దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

చూసి వచ్చి రాస్తున్నాను కాబట్టి నమ్ము. ఇక్కడ క్షేమం కాదు. ప్రాణం ఉంది. నువ్వు జవాబు రాసేటప్పుడు ఆ మొదటి మాట అలవాటుగా రాసెయ్యకు. లేచి వెళ్లి చూసి వచ్చి, అప్పుడు రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్న
మీ అక్క