రెండు కొటేషన్ల మధ్య ఖాళీ

మార్చి 12, 1996
చర్చి సమాధుల జాబితా నా నెత్తిన పడింది. పాత రిజిస్టరులోని గొలుసుకట్టు రాత చదవగలిగేది నేనొక్కదాన్నేనట. నేను చదవాలి, మనవరాలు ప్రమీల కంప్యూటరులో కొట్టాలి. ఈస్టరుకి ముందే గోడకి అంటిస్తారు. జాబితాలో లేని చోటు కొత్తవాళ్లకి ఇచ్చేస్తారు — సెక్రటరీ దేవదానం గారి ఆజ్ఞ.

మార్చి 14
జాబితా కోసం ప్రమీల ఒక ప్రోగ్రాము పెర్ల్ అనే కంప్యూటరు భాషలో రాసిందట. మాటల మధ్య ఖాళీ కనిపిస్తే చాలు, కోసేస్తోంది. ఇంటిపేరు ఒకరు, సాల్మన్ ఒకరు, రాజు ఒకరు. ఖరిదా పేటలో రెండు గదుల ఇంట్లో సర్దుకున్న మా ఆయన, పోయాక మూడు సమాధులు ఆక్రమించారు.

మార్చి 15
పేరంతా కొటేషన్ గుర్తుల్లో పెడితే కోయకుండా నేర్పిందట. షెల్లులో అలాగే కదా మామ్మా, అంది. షెల్లంటే ఏమిటని అడగలేదు. అడిగితే చెబుతుంది.

మార్చి 19
ఒక కొటేషను మూయడం మరిచింది. ఆరుగురు ఒకే పేరులో కలిసిపోయారు. అందులో ఇద్దరు బతికుండగా ఒకే బెంచీ మీద కూడా కూర్చోలేదు.

మార్చి 22
నా పాప వరస వచ్చింది. పుట్టిన పూటే పోయింది, పేరు పెట్టలేదు. రిజిస్టరులో ఆ గడి ఖాళీ.
"పేరు లేదేటి మామ్మా? ఎవులీ పాప?"
"మీ నాన్నకి అక్క."
ప్రమీల రెండు కొటేషన్లు కొట్టింది, మధ్య ఏమీ లేకుండా. ప్రోగ్రాము ఆ ఖాళీని పారేసి, తండ్రి పేరుని ముందుకి జరిపింది. ప్రింటులో మా ఆయన రెండోసారి చనిపోయారు. పాప పోయిన ఏడు తండ్రి గడిలోకి జరిగింది. తండ్రి పేరు: 1951. పాప ఎక్కడా లేదు.

మార్చి 25
లేదని రాసిపెట్టడమూ, అసలు రాయకపోవడమూ ఒకటేనా? ముప్పై ఏళ్లు బడిలో హాజరు పట్టీ వేసినదాన్ని... యంత్రానికి కూడా చెప్పాల్సి వచ్చింది.

మార్చి 27
ప్రమీల దిద్దింది. ఖాళీ నిలబడింది. నిలబడి ఊరుకుందా — పొరపాటున స్పేసు రెండుసార్లు పడిన చోటల్లా పేరు లేని మనిషొకరు పుట్టుకొచ్చారు. ప్రింటు నిండా వాళ్లే. వాళ్లలో నా పాపను వెతికాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాను.

మార్చి 29
దేవదానం గారు వచ్చారు. రేపు పొద్దున్నకల్లా కాగితం చేతిలో ఉండాలట. "ఏదో ఓ పేరెట్టెయ్యండమ్మా, తెమిలిపోద్ది."
ఇంకో రెండు రోజులిస్తే సరిచేస్తానంది ప్రమీల. ఆయన వినలేదు. ఆయన వెళ్లాక కీబోర్డు మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది.
"సెప్పు మామ్మా, ఏటి కొట్టమంటావు?"
అప్పట్లో మా ఆయన రాహేలు అన్నారు. నేను కాదన్నాను, ఆ పేరుగల ఆడపడుచుతో పడలేక. పుట్టాక మొహం చూసి తేల్చుకుందామనుకున్నాం...
టీ తాగి చెబుతానన్నాను.
తాగేశాను.