వాన మీద వేసిన నింద

నల్లపాడు,
గురువారం

నాన్నా,

నీ కూతురు ఆరాధన వందనాలు. ఇది ఫోన్లో చెప్పగలిగే మాట కాదు, అందుకే రాస్తున్నాను. మూడు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు.

మన పర్చూరు చర్చి గోడకు సరిపడే గార కోసం ఇక్కడి ల్యాబులో మూడు నెలలుగా దిమ్మలు పోస్తున్నాను కదా. సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, పాళ్లు మార్చి మార్చి. గార పాత ఇటుక కన్నా మెత్తగా ఉండాలి, గోడలో తడి దాని గుండా బయటికి పోవాలి. నాలుగోసారి కలిపిన పాళ్లు పరీక్షలో నెగ్గాయి. నెగ్గిన రోజే ఏడుపొచ్చింది.

గోడ ఎందుకు పాడైందో కూడా తేలిపోయింది నాన్నా. ఇరవై రెండేళ్ల కిందట నువ్వు చేసిన సిమెంటు ప్లాస్టరింగ్ తడిని లోపలే బిగబట్టింది. గోకితే ఇటుక పిండిలా రాలుతోంది. గుమ్మం పక్కన రాతి మీద ‘మరమ్మతు: నతానియేలు మేస్త్రి’ అని ఉంటుందే, ఆ అక్షరాల మీద వేలు పెట్టే నేను చదవడం నేర్చుకున్నాను. నువ్వు తెలియక చేసిన దానికి ఊరు నిన్ను ఆడిపోసుకుంటే భరించలేను. అందుకే సంఘ పెద్దలకు ఇచ్చే రిపోర్టులో ‘వాన నీరు దిగడం వల్ల’ అని రాశాను. అది నమ్మితే కప్పు బాగుచేసి ఊరుకుంటారు. సిమెంటు అలాగే ఉంటుంది, గోడ దక్కదు. పదిహేనో తారీఖున ఇచ్చేయాలి. అన్నం సహించడం లేదు. ఏం చేయను?

నీ ఆరాధన

పర్చూరు,
ఆదివారం

అమ్మా ఆరాధనా,

నాకు తెలియదని ఎవరన్నారే? నాకు పని నేర్పిన యలమందయ్య మామ ఆ రోజే అరిచాడు. “ఒరేయ్ నతానియేలూ, సున్నం గోడకి సిమెంటు పూస్తావేంట్రా? ఊపిరాడక చచ్చిపోద్ది!” అన్నాడు. క్రిస్మస్ లోపు ముగిస్తే రాతి మీద పేరు చెక్కిస్తామన్నారు సంఘ పెద్దలు. సున్నంతో అయితే వేసవి దాకా పడుతుంది. పేరుకి ఆశపడ్డాను. తెలిసే చేశాను.

ఇవాళ చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు ఉన్నారా అని అడిగితే లేచి అంతా చెప్పేశాను. మీ అమ్మ తలెత్తలేదు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం పెట్టింది.

రేపటి నుంచి ఆ సిమెంటు నేనే ఊడగొడతాను, ఇటుకకు దెబ్బ తగలకుండా సన్న ఉలితో. నీ నాలుగో పాళ్లు వివరంగా రాసి పంపు.

వాన ఏం పాపం చేసిందమ్మా? రిపోర్టులో దాన్ని కొట్టేసి నా పేరు పెట్టు. గుమ్మం దగ్గర ఉన్నట్టే, పక్కన మేస్త్రి అని కూడా.

మీ నాన్న,
నతానియేలు