కుంట పంపు ఆపిన బావమరిదికి

ఒరే బావమరిదీ, మొహం కడుక్కోకముందే పెరట్లోకి నడు. చేపలకుంటలో పంపు నడుస్తోంది, దాని మీద మళ్ళీ చెయ్యి వేశావో ఊరుకోను. ఇవాళ మేత ఒక్క గింజ కూడా వెయ్యకు. అడుగున కుళ్ళిన మేతంతా వలతో తోడెయ్. నాలుగు బకెట్ల పాత నీళ్ళు తీసేసి, డ్రమ్ములో రెండ్రోజులుగా నిలవున్న నీళ్ళు పొయ్యి. కుళాయి గొట్టం పెట్టావంటే ఆ నీళ్ళలో కలిపే క్లోరిన్ మందుకి ఉన్నవీ చస్తాయి.

నిన్న మధ్యాహ్నం చప్పుడుకి నీ కునుకు చెడుతోందని పంపు కట్టేశావు. సాయంత్రం అవి పైకొచ్చి నోళ్ళు తెరిస్తే, ఆకలనుకుని డబ్బాడు మేత కుమ్మరించావు. అవి గాలాడక నోళ్ళు తెరిచాయిరా! పంపు నీళ్ళు చిమ్మితేనే వాటికి ఊపిరి. అయిదో తరగతితో బడి మానేసిన నాకు తెలిసింది, డిగ్రీ చదివిన నీకు తెలియలేదు. పొద్దున చూస్తే రెండు తేలాయి. మిగిలిన అయిదూ రొప్పుతున్నాయి. పనికి టైమైపోయింది, లేకపోతే నేనే చేసుకునేవాణ్ణి.

అన్నట్టు, మీ అక్క వాటిని వేలెడు పిల్లలప్పట్నుంచీ సాకింది. చచ్చినవి మొక్కల్లో పూడ్చేసి, కొంగ ఎత్తుకుపోయిందని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. నిన్ను తిట్టడానికి ఇంట్లో నేనొక్కణ్ణి చాలు.